‘కేసులేమీ లేవు’ అన్న కాగితం దేనికి పూచీ? ప్రభుత్వ బడుల్లో సిబ్బంది పూర్వచరిత్ర తనిఖీ

ప్రభుత్వ బడిలో కొత్తగా చేరిన టీచరును "వెరిఫికేషన్ అయిందా?" అని అడిగి చూడండి. "ఎప్పుడో అయిపోయింది, ఒరిజినల్స్ కూడా తిరిగిచ్చేశారు" అంటారు. ఆ జవాబు సర్టిఫికెట్ల గురించి. టెన్త్ మెమో, డిగ్రీ, బీఎడ్, టెట్ మార్కులు, కులం, స్థానికత అన్నీ చూశారన్నమాట. ఆ మనిషి మీద ఎక్కడైనా క్రిమినల్ కేసు ఉందా, అరెస్టయ్యారా, బైండోవర్ (గొడవలకు దిగనని అధికారి ముందు పూచీకత్తు రాసివ్వడం) అయ్యారా అన్నది వేరే తనిఖీ. దానికి ఫారం వేరు, చూసే శాఖ వేరు. రెండిటినీ వెరిఫికేషన్ అనే పిలవడం వల్ల మొదటిది పూర్తికాగానే రెండోదీ అయిపోయిందన్న భ్రమ ఏర్పడుతుంది. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. ఇంతమందిని ఒక్కసారిగా బడుల్లోకి తీసుకునేటప్పుడు ఈ తేడా చిన్నదేమీ కాదు.

రెండో తనిఖీకి రెండు చట్టపరమైన మూలాలున్నాయి. ఒకటి ఉద్యోగానికి సంబంధించినది, మరొకటి పిల్లలకు సంబంధించినది. అధికారులు ఎక్కువగా మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది రాష్ట్ర సర్వీసు నిబంధనలు. 1996 నాటి ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో 12వ నిబంధన ప్రకారం, ప్రత్యక్ష నియామకంతో సర్వీసులోకి వచ్చే వ్యక్తి నడత, పూర్వచరిత్ర ఆ ఉద్యోగానికి తగినట్టు ఉండాలి. ఇది గుమాస్తాకైనా టీచరుకైనా ఒకటే. సర్వీసులో చేరేటప్పుడు ఒకసారి చూస్తారు, తర్వాత మళ్లీ చూడమని అది అడగదు. అవుట్‌సోర్సింగ్ మనిషి అసలు ఆ సర్వీసులోనే ఉండడు కాబట్టి అతని ఊసే అందులో లేదు.

రెండోది, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020 మార్చిలో కేంద్రం నోటిఫై చేసిన పోక్సో నియమాలు. వాటిలో 3వ నియమం 4వ ఉపనియమాన్ని ప్రతి హెచ్‌ఎం ఒకసారి చదివి తీరాలి. పిల్లలతో తరచూ సంబంధం ఉండే ఏ సంస్థ అయినా, బడి, క్రెష్, క్రీడా అకాడమీ ఏదైనా సరే, పిల్లలతో కలిసే తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వచరిత్ర తనిఖీ చేయించాలి. టీచింగా, నాన్ టీచింగా అన్న తేడా లేదు. రెగ్యులరా, కాంట్రాక్టా అన్న తేడా లేదు. ఒక్కసారితో సరిపోదు, నిర్ణీత కాలవ్యవధుల్లో మళ్లీ మళ్లీ చేయించాలి. పిల్లల భద్రతపై వాళ్లకు ఎప్పటికప్పుడు శిక్షణ కూడా ఇప్పించాలి.

ఈ నియమంలో రెండు లోపాలున్నాయి. ఎన్నేళ్లకోసారి అన్న అంకె లేదు. చేయించకపోతే ఏం శిక్షో ఆ నియమం చెప్పదు. అంకె లేని నియమం ఆఫీసుల్లో ఏమవుతుందో వేరే చెప్పాలా? అయినా ‘మాకు వర్తించదు’ అనే వీలు మాత్రం ఏ బడికీ లేదు. ఇది కేంద్ర చట్టం కింద వచ్చిన నియమం, ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒక్కటే.

ఎవరు తప్పించుకుపోతున్నారు?

డీఎస్సీ ద్వారా వచ్చిన టీచరు విషయంలో ఏదో ఒక స్థాయిలో తనిఖీ జరుగుతుంది, నియామక పత్రం దానికి లోబడే ఉంటుంది కాబట్టి. బడి ఆవరణలో మిగిలినవాళ్ల జాబితా వేసి చూస్తే పరిస్థితి వేరు. ఆయా, స్వీపరు, పగటి వాచ్‌మన్, రాత్రి వాచ్‌మన్, మధ్యాహ్న భోజనం వండే స్వయం సహాయక సంఘం మహిళలు, విద్యా వాలంటీర్లు, గంటల లెక్కన వచ్చే పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో (కేజీబీవీ) కాంట్రాక్టు సిబ్బంది, గురుకుల హాస్టళ్లలో వంటమనుషులు, కంప్యూటర్ ల్యాబ్ చూసే ఏజెన్సీ కుర్రాడు. వీళ్లందరూ పోక్సో నియమం పరిధిలోకి వచ్చేవాళ్లే. వీళ్లలో చాలామందిని బడిలో పెట్టుకునేటప్పుడు అడిగేది ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు మాత్రమే. అవి జీతం వేయడానికి పనికొస్తాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఏజెన్సీ పంపిన ఫలానా మనిషికి తనిఖీ జరిగిందే అనుకుందాం. అతను వారం రోజులు సెలవు పెడితే ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది. వంట సంఘంలో ఒకామెకు ఒంట్లో బాగోకపోతే ఇంట్లోవాళ్లెవరో వచ్చి గరిటె పడతారు. ఇలా బదులుగా వచ్చే మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. తనిఖీ చేసింది ఒకరిని, లోపలికి వచ్చింది ఇంకొకరు.

పోక్సో నియమంలోని ‘సంస్థ ఉద్యోగి’ అన్న మాట దగ్గర మరో కంత ఉంది. బీఎడ్ ఛాత్రోపాధ్యాయులు కోర్సులో భాగంగా మొత్తం 20 వారాలు బడుల్లో గడుపుతారు. స్వచ్ఛంద సంస్థల వాలంటీర్లు, ఆటలు నేర్పడానికి వచ్చేవాళ్లు, మరమ్మతులు చేసే మేస్త్రీలు కూడా బడికి వస్తారు. వీళ్లెవరూ బడి ఉద్యోగులు కారు, పిల్లలతో మాత్రం ఉంటారు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ ప్రైవేటు బడిలో నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి కేసు ఇందుకు చేదు ఉదాహరణ. దోషి పాఠాలు చెప్పేవాడు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. తరువాతి ఏడాది ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. కాబట్టి జాబితా రాసేటప్పుడు చూడాల్సింది హోదా కాదు, ‘ఈ మనిషి పిల్లలు ఉండే చోటికి వస్తాడా’ అన్నది. ఉద్యోగి కాదన్న కారణంతో వదిలేయమని నియమం ఎక్కడా చెప్పలేదు. తనిఖీ చేయించుకోవడానికి అడ్డమూ లేదు.

తనిఖీ ఎలా జరుగుతుంది, ఎక్కడ తప్పుతుంది

రెగ్యులర్ ఉద్యోగి విషయంలో ఇది అటెస్టేషన్ ఫారంతో మొదలవుతుంది. అందులో అభ్యర్థి తన చదువు, పాత ఉద్యోగాలు, గత ఐదేళ్లలో ఏడాదికి మించి నివసించిన చిరునామాలు రాయాలి. తర్వాత అసలు ప్రశ్నలు వస్తాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీపై కేసు నడిచిందా? నిర్బంధంలో ఉన్నారా? బైండోవర్ అయ్యారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏ పరీక్ష నుంచైనా డిబార్ అయ్యారా? ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉందా? తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా ఉద్యోగానికి అనర్హులవుతారని ఫారం పైనే రాసి ఉంటుంది.

నియామకాధికారి దాన్ని పోలీసు శాఖకు పంపితే స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఇంటి చుట్టుపక్కల విచారిస్తారు, ఆ చిరునామా ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడి రికార్డులు చూస్తారు. ఎఫ్‌ఐఆర్‌లు, చార్జిషీట్లు, రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు, బైండోవర్ రిజిస్టరు ఇందులోకి వస్తాయి. సీసీటీఎన్‌ఎస్ అనే జాతీయ నెట్‌వర్కు పోలీసు స్టేషన్లను కలుపుతుంది, అందులోనూ వెతకొచ్చు. ఎక్కడ తప్పుతుందన్నది ఇక్కడ చూడాలి.

మొదట, మన పేర్లు. టెన్త్ మెమోలో ‘కె. శ్రీనివాసరావు’, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు లేకుండా ‘శ్రీను, తండ్రి వెంకయ్య’. వీళ్లు ముగ్గురూ ఒక్కరే అని కంప్యూటర్‌కు తెలియదు. అందుకని తెలివిగా వెతికేవాళ్లు తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ కలిపి వెతుకుతారు. పెళ్లయిన స్త్రీల విషయంలో పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండిటితోనూ వెతకాలి. పంపే లేఖలోనే ‘ఈ పేరుతోనూ పిలుస్తారు’ అన్న వరుస ఒకటి చేర్చి, వాడుకలో ఉన్న పేర్లన్నీ రాస్తే సగం తప్పులు పోతాయి.

తర్వాత, చిరునామా. ఖమ్మంలో సొంతిల్లు, కేసు విజయవాడలో. ఆధార్ చిరునామా ఉన్న స్టేషన్ వాళ్లు నిజాయతీగానే ‘మా దగ్గర ఏమీ లేదు’ అని రాస్తారు. ఆ వాక్యానికి అర్థం కూడా అంతే: మా దగ్గర లేదు. సరిహద్దు జిల్లాల్లో, బెంగళూరులోనో చెన్నైలోనో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాళ్ల విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. ఐదేళ్ల చిరునామాలన్నీ రాయించుకుని ఆ స్టేషన్లన్నిటికీ పంపమని అడగాలి. ఒక్క చిరునామాతో వచ్చిన నివేదికను పూర్తి నివేదికగా లెక్కేయకూడదు.

మూడోది దీనికి ఎదురు తప్పు. కేసు కొట్టేసి మూడేళ్లయినా స్టేషన్ రికార్డులో ఇంకా పెండింగ్ అనే ఉంటుంది, కోర్టు తీర్పు స్టేషన్ దాకా ఎక్కలేదు కాబట్టి. నిర్దోషి అయిన అభ్యర్థికి నెలల తరబడి ఫైలు ఆగిపోతుంది. కేసు ఎదుర్కొన్న ప్రతి ఒక్కరూ తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి దగ్గర పెట్టుకోవాలని చెప్పేది అందుకే.

అభ్యర్థే స్వయంగా తెచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ గురించి ఓ మాట. ఏజెన్సీలు సాధారణంగా దీన్నే చూపిస్తాయి. ఏ చిరునామాతో దరఖాస్తు పెట్టాలో అందులో ఎంచుకునేది అభ్యర్థి. పైగా అది ఇచ్చిన తేదీ నాటి స్థితి మాత్రమే. రెండేళ్ల కిందటి సర్టిఫికెట్ జిరాక్సు పెట్టుకుని ‘పోలీసు వెరిఫికేషన్ ఉంది’ అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. జిరాక్సు కాకుండా అసలు చూడాలి, దరఖాస్తు నంబరు రాసుకుని జారీచేసిన కార్యాలయంతో సరిచూసుకోవాలి.

లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ సంగతి చాలామంది అడుగుతుంటారు. దాన్ని 2018 సెప్టెంబరు 20న ప్రారంభించారు. అప్పటికే అందులో 4.4 లక్షల ఎంట్రీలు ఉన్నాయి, నిర్వహణ జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ)ది. అది చూసే వీలు పోలీసులకే ఉంది. హెచ్‌ఎంకు, డీఈవోకు, తల్లిదండ్రులకు లేదు. అయితే పోలీసులకు రాసే లేఖలో ‘స్టేషన్ రికార్డుతో పాటు సీసీటీఎన్‌ఎస్, లైంగిక నేరస్థుల డేటాబేస్ కూడా చూసి చెప్పగలరు’ అని స్పష్టంగా అడగొచ్చు. అడగకపోతే స్థానిక రికార్డు చూసి సంతకం పెట్టేసే ప్రమాదం ఉంది. ఈ ఒక్క వాక్యం లేఖలో ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా.

కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో పేరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు. పనికొస్తుంది, కానీ సూచనగానే. ఒకే పేరున్నవాళ్లు జిల్లాలో డజను మంది ఉంటారు. పేరు కనిపించింది కదా అని మనిషిని నిలదీయడం తప్పు. కేసు నంబరు రాసుకుని పోలీసులను అడగాలి.

కేసు ఉందని తేలితే?

ఇక్కడ రెండు రకాల అతి చేస్తారు. ఎఫ్‌ఐఆర్ అనగానే ‘వద్దు’ అనేవాళ్లు ఒకవైపు, ‘ఇంకా శిక్ష పడలేదు కదా’ అని వదిలేసేవాళ్లు మరోవైపు. 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో దారి చూపిస్తుంది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజం కావాలి, అరెస్టు, కేసు, శిక్ష ఏదీ దాచకూడదు. దాచినది చిన్న వయసులో నినాదాలు చేసినట్టి అల్ప కేసైతే అధికారి తన విచక్షణతో దాన్ని పట్టించుకోకపోవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. కేసు ముగిసిపోయినా పూర్వచరిత్రను తూచే హక్కు యజమానికి ఉంది. నైతిక పతనానికి సంబంధించిన ఆరోపణలో సాంకేతిక కారణంతో విడుదలైతే, అది నిష్కళంకమైన విడుదల కాకపోతే, మొత్తం పరిస్థితి చూసి నిర్ణయించొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది: ఫారంలో అడగని విషయాన్ని చెప్పలేదని ఎవరినీ శిక్షించకూడదు. ప్రశ్న స్పష్టంగా ఉండాలి.

చివరి మాట ఏజెన్సీ ఫారాలకు బాగా వర్తిస్తుంది. ‘మీ ప్రవర్తన మంచిదేనా?’ అని అడిగే ఫారం దేనికీ పనికిరాదు. అటెస్టేషన్ ఫారంలో ఉన్న ప్రశ్నలనే ఏజెన్సీ మనుషుల చేత కూడా తెలుగులో రాయించుకుంటే, రేపు దాచినట్టు తేలినప్పుడు చర్యకు ఆధారం ఉంటుంది.

రాజీ గురించి అపోహ చాలా ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయింది కాబట్టి కేసే లేనట్టు అనుకుని ‘లేదు’ అని రాస్తారు. రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క, నిజమే, కానీ ‘మీపై ఎప్పుడైనా కేసు నడిచిందా’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ‘నడిచింది’. ఎన్నికల ముందు తహసీల్దారు దగ్గర బైండోవర్ అయినవాళ్లూ ఇలాగే పొరబడతారు. అది నేరం రుజువైనట్టు కాదు, అయినా ఫారం పేరు పెట్టి అడుగుతోంది. రాసేస్తే చాలాసార్లు ఏమీ కాదు, దాచితేనే ఉద్యోగం పోతుంది. 2023లో మధ్యప్రదేశ్ కానిస్టేబుల్ పోస్టు కేసులో సుప్రీంకోర్టు ఇంకో అంచు చూపించింది. అభ్యర్థి కేసు సంగతి దాచలేదు, రాజీ వల్ల, సాక్షులు ఎదురుతిరగడం వల్ల విడుదలయ్యాడు. కానీ అది బాలికను వేధించిన కేసు కావడంతో ఉద్యోగం నిరాకరించిన నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. బడిలో ఉద్యోగానికి ఇదే తర్కం ఇంకా బలంగా నిలుస్తుంది.

కాబట్టి తూచేటప్పుడు చూడాల్సినవి నేరం స్వభావం, అది పిల్లలకో స్త్రీలకో సంబంధించినదా అన్నది, ఎప్పటిది, ఎలా ముగిసింది, చేయబోయే పని పిల్లలకు ఎంత దగ్గర అన్నవి. పేకాట కేసులో జరిమానా కట్టిన వంటమనిషినీ, పోక్సో కేసు పెండింగులో ఉన్న పీఈటీనీ ఒకే గాటన కట్టలేం. ఈ నిర్ణయం నియామకాధికారిది, హెచ్‌ఎంది కాదు. హెచ్‌ఎం పని తెలిసినది రాతపూర్వకంగా పైకి పంపడం, జవాబు వచ్చేదాకా ఆ మనిషిని పిల్లలతో ఒంటరిగా ఉండే పనికి పెట్టకపోవడం.

బాల్యంలో చేసిన తప్పుల విషయంలో చట్టం గట్టిగా అడ్డుగా నిలబడుతుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, బాలల కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు బయటపెట్టకూడదు. 24వ సెక్షన్ ఆ కారణంగా వచ్చే అనర్హతనే తీసేసింది, 16 ఏళ్లు నిండి ఘోర నేరంలో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవారికి మినహాయింపుతో. అందుకని 15 ఏళ్ల వయసులో జరిగిన గొడవ గురించి ఊళ్లో ఎవరో చెప్పారని ఫైలులో రాయకూడదు.

ఉద్యోగంలో ఉండగా కేసు వస్తే దారి వేరు. 48 గంటలు దాటి కస్టడీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి సస్పెండైనట్టే లెక్క అని ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన సీసీఏ నిబంధనలు చెబుతాయి. శిక్ష పడితే, రాజ్యాంగం 311వ అధికరణ కింద శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించే వీలుంది. అవుట్‌సోర్సింగ్ మనిషికి ఇవేవీ లేవు. అతన్ని ఏజెన్సీ వెనక్కి పిలుచుకుంటుంది, అంతే. ఆ ‘అంతే’ దగ్గరే తర్వాతి ప్రమాదం మొదలవుతుంది.

హెచ్‌ఎం బల్ల మీద ఉండాల్సిన రిజిస్టరు

ఒక పొడవాటి నోటుబుక్కు చాలు. వరుసలు ఇలా: పేరు, వాడుకలో ఉన్న ఇతర పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, ఐదేళ్ల చిరునామాలు, చేసే పని, పంపిన ఏజెన్సీ, స్వీయ ప్రకటన తీసుకున్న తేదీ, పోలీసులకు లేఖ పంపిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, తర్వాతి తనిఖీ ఎప్పుడు. టీచర్లకు ఒక భాగం, మిగతా సిబ్బందికి ఒకటి, ఛాత్రోపాధ్యాయులకు, వాలంటీర్లకు, మేస్త్రీలకు ఇంకొకటి. కేసు వివరాలు మాత్రం ఈ పుస్తకంలో రాయకూడదు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ తిరగేసే పుస్తకం అది, వివరాలు విడిగా సీల్డ్ కవరులో ఉండాలి.

కాలవ్యవధి విషయంలో నియమం మౌనంగా ఉంది కాబట్టి ఆచరణలో పెట్టుకోదగ్గ పద్ధతి ఇది: ఏజెన్సీ సిబ్బందికి కాంట్రాక్టు రెన్యువల్ అయిన ప్రతిసారీ, రెగ్యులర్ వాళ్లకు మూడేళ్లకోసారి, మధ్యలో ఎవరు బడి మారి వచ్చినా వచ్చిన నెలలోనే స్వీయ ప్రకటన. ఏజెన్సీ ఒప్పందంలో మూడు షరతులు చేర్పించమని పైఅధికారులను అడగాలి. తనిఖీ కాని మనిషిని పంపకూడదు, బదులు మనిషికీ అదే షరతు, కేసు నమోదైతే వెంటనే రాతపూర్వకంగా తెలపాలి.

ఈ రిజిస్టరంతా సక్రమంగా ఉన్నా అది పట్టుకోగలిగేది ఎవరో ఎప్పుడో ఫిర్యాదు చేసిన సంగతులనే. ఫిర్యాదే రాని మనిషి రికార్డు తెల్లగానే ఉంటుంది. అందుకని బడిలో అనుమానం వచ్చిన రోజు ఏం చేయాలన్నది కూడా ఈ అంశంలో భాగమే. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలి. ‘ముందు మనం విచారిద్దాం, పేరు పోతుంది’ అన్న స్టాఫ్ మీటింగుకు చట్టంలో చోటు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. కింద పనిచేసేవారి నేరాన్ని చెప్పని సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు, జరిమానా. నేరం చేసినది బడి సిబ్బందే అయితే దాన్ని తీవ్ర నేరంగా చూస్తారు. అందులో అత్యాచారానికి 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు.

ఏజెన్సీ వెనక్కి పిలుచుకున్న మనిషి దగ్గరికి మళ్లీ వద్దాం. ఇంగ్లండ్‌లో పిల్లలతో పనిచేయకూడదని నిషేధించినవారి జాబితా ఉంది, బడులు నియామకానికి ముందు దాన్ని సరిచూసుకుంటాయి. మన బడులు అలా తెరిచి చూసుకోగల జాబితా లేదు. ఫిర్యాదు వచ్చి ‘మానేసిన’ వాచ్‌మన్ పక్క మండలంలో, అదే ఏజెన్సీ ద్వారా, వచ్చే నెలలో చేరొచ్చు. దీన్ని ఆపగలిగేది హెచ్‌ఎం రాసే లేఖే. ఎవరు, ఏ తేదీన, ఏ ఫిర్యాదు కారణంగా బడి నుంచి వెళ్లారు, పోలీసులకు ఎప్పుడు తెలిపాం అన్నది ఎంఈవోకు, డీఈవోకు, ఏజెన్సీకి మూడు ప్రతులుగా పంపి, అందినట్టు స్టాంపు వేయించుకోవాలి. ‘వ్యక్తిగత కారణాలతో మానేశాడు’ అని రిలీవింగ్ కాగితం మీద రాసి పంపకూడదు.